డబ్బాలో తోడుకునే మందు

అమెరికాలో వేటా, గురి కాల్చడమూ అలవాటున్న పెద్దాయన పోయాక, పిల్లలు గ్యారేజీ ఖాళీ చేస్తుంటే తరచుగా ఒక వస్తువు బయటపడుతుంది. ఒక పౌండు పట్టే డబ్బా. మూత మీద దుమ్ము, వెలిసిపోయిన లేబుల్, దాని మీద నాలుగంకెల నంబరు. అది రైఫిల్ తూటాల్లో పోసే మందు. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ధర చీటీ మీద ఇప్పటి ధరలో పదో వంతు కూడా ఉండదు. పారేయడానికి చేతులు రావు. ‘ఇంకా పనికొస్తుందా?’ అని అడుగుతారు.

అక్కడ కాల్చేసిన తూటా గొట్టాలను పారేయరు. పేలిన ప్రైమర్, అంటే మందుకు నిప్పంటించే చిన్న టోపీ, తీసి కొత్తది బిగించి, మందు తూచి పోసి, గుండు అమర్చి మళ్లీ వాడుకుంటారు. రీలోడింగ్ అంటారు దీన్ని. కొంత పొదుపు కోసం, కొంత గురి కుదరడం కోసం చేసే పని. మన దేశంలో ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి మనకిది ఇంటి సమస్య కాదు. అయినా ఆ డబ్బాలో జరిగే రసాయన శాస్త్రం తెలుసుకోదగ్గది. ‘పనికొస్తుందా’ అన్న ఒక్క ప్రశ్నలో నిజానికి రెండున్నాయి: లోపలిది ఇంకా బాగుందా, అసలు లోపలున్నది లేబుల్ చెప్పేదేనా? చాలామంది మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదాన్ని మరిచిపోతారు.

మొదట మొదటిదే చూద్దాం. పాతకాలపు నల్లని తుపాకిమందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. తడి తగలకపోతే వందేళ్లయినా అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ మూడూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయే తప్ప కలిసిపోలేదు. ఇప్పటి రైఫిల్ మందు అలాంటిది కాదు. 1840లలో బాసెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రవంలో ముంచి నైట్రోసెల్యులోజ్ చేశాడు. చూడ్డానికి దూదే. నిప్పు తగిలితే బూడిద కూడా మిగలదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే దాన్ని ద్రావణుల్లో మెత్తగా పిసికి, పలుచని రేకులుగా కోసి, తుపాకీ భరించగల వేగంతో మండేలా మలిచాడు. పొగ రాని మందు అదే. దాని కోసమే తయారైన లెబెల్ రైఫిల్‌తో 1886లో ఫ్రెంచి సైన్యం మిగతా యూరప్‌ను కంగారుపెట్టింది.

చిక్కు నైట్రోసెల్యులోజ్ అణువులోనే ఉంది. దానికి అంటుకున్న నైట్రో గుంపులను పట్టి ఉంచే బంధం బలహీనమైనది. మామూలు గది వేడికి కూడా ఎక్కడో ఒకటి, ఎప్పుడో ఒకటి తెగుతూనే ఉంటుంది. తెగినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. అది అక్కడున్న కాస్త తేమతో కలిసి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం పక్క బంధాలను తెంపుతుంది, మరింత ఆమ్లం పుడుతుంది. గిన్నెడు పాలలో చెంచాడు పెరుగు వేస్తే చాలు, తక్కిన పని పెరుగే చూసుకున్నట్టు. పాలు తోడుకుంటే పెరుగవుతాయి. ఇది తోడుకుంటే వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేనంత రాశిగా ఉంటే తనంతట తనే అంటుకుంటుంది.

తూలోన్ రేవులో జరిగింది ఇదేనని నమ్ముతారు. 1907 మార్చి 12న ఫ్రెంచి యుద్ధనౌక ‘యేనా’ మరమ్మతుల కోసం నీళ్లు తోడేసిన డాక్‌లో ఉంది. లోపలి మందు గదులు ఒకదాని తర్వాత ఒకటి పేలడం మొదలైంది. నీళ్లు వదిలి ఆర్పుదామంటే ఓడ పొడినేల మీద ఉంది. పక్కనే ఉన్న ‘పత్రీ’ అనే నౌక, డాక్ తలుపు పగలగొట్టాలని ఫిరంగి కాల్చింది. గుండు తగిలి పక్కకు ఎగిరిపోయింది. చివరికి ఒక యువ అధికారి వెళ్లి తలుపు తెరిచాడు, ఎగిరొచ్చిన శకలాలకు ప్రాణం పోగొట్టుకున్నాడు. సుమారు 120 మంది చనిపోయారు. ఐదేళ్లు తిరక్కముందే, 1911 సెప్టెంబర్‌లో, అదే రేవులో ‘లిబెర్తే’ అనే మరో యుద్ధనౌక పేలింది. మృతులు 250కి పైనే. రెండింటిలోనూ వేళ్లన్నీ వియే మందు వైపే చూపాయి. అప్పట్లో అది చెడకుండా అమైల్ ఆల్కహాల్ కలిపేవారు. అది చాల్లేదు.

తర్వాత ఆ స్థానంలో డైఫినైలమీన్ స్థిరపడింది. ఇది నైట్రోసెల్యులోజ్ విరగడాన్ని ఆపదు, ఆపడం ఎవరి తరమూ కాదు. విరిగినప్పుడు పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లను వెంటనే మింగేసి, తోడు పడకుండా చూస్తుంది. మందులో ఇది ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది. మింగేకొద్దీ అదే ఖర్చయిపోతుంది. కాబట్టి మందు వయసును కేలండర్‌తో కొలవలేం, లోపల డైఫినైలమీన్ ఎంత మిగిలిందన్నదే లెక్క. చల్లని నేలమాళిగలో యాభై ఏళ్లున్న డబ్బా శుభ్రంగా ఉండొచ్చు. రేకుల షెడ్డులో కొన్ని వేసవులు చూసిన డబ్బా పాడైపోయి ఉండొచ్చు. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది.

బ్రిటిష్‌వారి పొగ రాని మందు కార్డైట్‌ది ఇందులో ఒక తమాషా. 1889లో ఏబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించినప్పుడు ఐదు శాతం వాసెలిన్ కలిపారు, తుపాకీ గొట్టానికి జారుడుగా ఉంటుందని. ఆ పని పెద్దగా జరగలేదు గానీ, వాసెలిన్ మందును చెడకుండా కాపాడుతోందని తర్వాత తేలింది. మన నీలగిరుల్లో అరువంకాడులో వందేళ్లు దాటిన ఫ్యాక్టరీ పేరులో ఆ కార్డైట్ ఇప్పటికీ ఉంది.

సైన్యాలు లోపలి డైఫినైలమీన్ ఎంత ఖర్చయిందో కనిపెట్టడానికి ప్రతి బ్యాచ్ నుంచీ నమూనా తీసి పెట్టుకుంటాయి. అమెరికా నౌకాదళపు పాత పద్ధతిలో దాన్ని 65.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఎర్రటి పొగ ఎన్నాళ్లకు వస్తుందో చూసేవారు. ఇంట్లో ఉన్నవాడికి అంత సరంజామా ఉండదు, ముక్కూ కళ్లే ఉంటాయి. మంచి మందుకు ఈథర్, ఆల్కహాల్ లాంటి తేలికపాటి వాసన. చెడినదానికి ముక్కుపుటాలు మండించే పులుపు ఘాటు. రేకు డబ్బా లోపలి గోడకు తుప్పు, గింజల మీద ఇటుకపొడి లాంటి ఎర్రని ధూళి. ఇవి కనిపిస్తే ఇక చర్చ అక్కర్లేదు, దాన్ని ఇంట్లో ఉంచకూడదు. స్థానిక అగ్నిమాపక శాఖను అడగడమే దారి. అయితే ఇవేవీ కనిపించలేదంటే మందు బాగున్నట్టేనా? కాదు. ముక్కు చెడ్డదాన్ని పట్టగలదు గానీ మంచిదానికి హామీ ఇవ్వలేదు.

పెద్ద ఎత్తున నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో లూసియానా రాష్ట్రంలోని క్యాంప్ మిండెన్ చూపించింది. ఫిరంగుల్లో వాడే ఎం6 అనే పాత సైనిక మందు అక్కడ కోటీ యాభై లక్షల పౌండ్ల దాకా పోగుపడింది. 2012 అక్టోబర్‌లో అక్కడ జరిగిన పేలుడుకు చుట్టుపక్కల ఊళ్లలో కిటికీలు పగిలాయి. ఆ తర్వాతే మిగిలిన నిల్వల సంగతి బయటపడింది. ఏళ్ల తర్జనభర్జన తర్వాత మూసిన కొలిమిలో కొంచెం కొంచెంగా కాల్చి, 2017లో ముగించారు.

ఇక రెండో ప్రశ్న. నన్నడిగితే డబ్బా యజమానిని ముంచేది ఎక్కువగా ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం దగ్గర మందు గుట్టలుగా మిగిలింది. కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ దాన్ని టోకున కొని, రీలోడింగ్ చేసేవారికి చిల్లరగా అమ్మడం మొదలుపెట్టాడు. వాటిలో ఒకటి 20 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకుల కోసం చేసిన నెమ్మదిగా మండే రకం, దాని నంబరు 4831. చవకగా దొరకడంతో జనం ఎగబడి కొన్నారు. 1970ల మొదట్లో ఆ మిగులు అయిపోవచ్చింది. హాడ్జ్‌డన్ కొత్తగా తయారు చేయించుకున్నాడు. ఇంతలో 1973లో డ్యూపాంట్ సంస్థ కూడా ఐఎంఆర్ 4831 పేరుతో తన మందు దించింది. నంబరు ఒకటే, కానీ డ్యూపాంట్‌ది వేగంగా మండుతుంది. హాడ్జ్‌డన్ మందు కోసం రాసిన తూకాన్ని చూసి దీన్ని పోసేస్తే, గొట్టంలో ఒత్తిడి అనుకున్నదాన్ని దాటిపోతుంది. అత్తారింటి పేరూ పుట్టింటి పేరూ ఒకటే అయినంత మాత్రాన మనుషులు ఒకటవుతారా?

నంబరు ఒకటే, తయారీదారు ఒకరే అయినా తేడాలు పోవు. ఫ్యాక్టరీ మారుతుంది, బ్యాచ్ మారుతుంది. గింజకు పూసే పూత, అంటే మంటను మొదట్లో నెమ్మదింపజేసే పదార్థం, ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి ఇంకిపోతుంది. మూత సరిగా పడని డబ్బాలో గింజలు పొడిబారతాయి, పొడిబారిన మందు ఇంకా చురుగ్గా మండుతుంది. తూకం పుస్తకాలు గ్రెయిన్లలో లెక్కిస్తాయి, పౌండుకు ఏడు వేల గ్రెయిన్లు. అంత సన్నని కొలత వేసే పనిలో మందు స్వభావమే మారిపోతే త్రాసు ఎంత సరిగా చూపినా ఏం లాభం? ఆగిపోయిన మందుకు కొత్త పుస్తకాల్లో తూకం ఉండదు. పాత పుస్తకంలో ఉన్నది ఆనాటి బ్యాచ్‌ది. ఇక డబ్బా పాతది, లోపల పోసింది వేరేది అయితే? పొదుపరి ఇళ్లలో అది అరుదేం కాదు. పచ్చళ్ల జాడీలో చింతపండు దొరకడం మనకు తెలియనిదా.

పాత మందును బాగు చేయలేరా అంటే, ఇంట్లో చేయలేరు గానీ ఫ్యాక్టరీ చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత టన్నుల కొద్దీ మిగిలిన ఫిరంగి మందును వృథా పోనివ్వకూడదని ఫ్రెడ్ ఓల్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టుబట్టాడు. 1933లో వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఆయన బృందం పాత మందును నీళ్లలో ఇథైల్ ఎసిటేట్‌తో కరిగించి, పేరుకున్న ఆమ్లాన్ని సుద్దపొడితో విరిచేసి, కలియబెట్టి గుండ్రని చిన్న చిన్న బొట్లుగా మార్చింది. బాల్ పౌడర్ పుట్టింది అలా. కొత్త రకం మందు కనిపెట్టాలని కాదు, పాతది పారేయడం ఇష్టంలేక. మూడు దశాబ్దాలకు వియత్నాంలో ఎం16 రైఫిళ్లు మొరాయించినప్పుడు, బయటపడిన కారణాల్లో ఒకటి బాల్ పౌడర్‌లో మిగిలిన ఆ సుద్దే. ఆమ్లాన్ని విరిచే సుద్ద, తుపాకీలోని సన్నని వాయు గొట్టంలో పేరుకుపోయింది.