హైడీ ప్రార్థన – ఆలస్యముగా వచ్చిన జవాబు

ఈ దినమున ఒక పాత నవలను ముందు పెట్టుకొని కొన్ని సంగతులు ధ్యానించుకుందాము. చిన్నతనములోనే తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు మీలో ఉండవచ్చును. అటువంటి బిడ్డలను పెంచుచున్న తాతలు, అమ్మమ్మలు, మేనమామలు, పినతల్లులు కూడ వినుచుండవచ్చును. ముఖ్యముగా మీ కొరకే ఈ మాటలు.

ఆ నవల పేరు 'హైడీ'. వ్రాసినవారు జొహాన్నా స్పిరి. ఆమె 1827లో స్విట్జర్లాండు దేశములో, జ్యూరిచ్ దగ్గరనున్న హిర్జెల్ అను గ్రామములో పుట్టారు. తండ్రి వైద్యుడు. తల్లి భక్తి గీతములు వ్రాసిన విశ్వాసి. జర్మన్ భాషలో ఈ నవల మొదటి భాగము 1880లోను, రెండవ భాగము 1881లోను వెలువడినవి. తరువాత ఎన్నో భాషలలోనికి వెళ్ళినది. 1937లో హాలీవుడ్‌లో సినిమాగా, 1974లో జపానులో కార్టూన్ కథగా కూడ వచ్చినది. కొండలు, మేకలు, పచ్చిక అందరికి గుర్తుంటాయి. అయితే ఈ కథ నడుమ ఒక అనాథ బిడ్డ చేసిన ప్రార్థన ఉన్నదని చాలామంది గమనించరు.

హైడీ తండ్రి టోబియాస్ వడ్రంగి. పనిలో ఉండగా దూలము మీదపడి చనిపోయాడు. ఆ దుఃఖములో జ్వరము పట్టి తల్లి కూడ కొన్ని వారములకే కన్నుమూసినది. అప్పటికి హైడీకి ఏడాది వయస్సు. కొంతకాలము అమ్మమ్మ సాకినది. ఆమె కూడ పోయినది. బిడ్డకు అయిదేండ్లు వచ్చినప్పుడు, పినతల్లి డేటే తనకు ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణములో మంచి పని దొరికినదని, కొండమీద ఒంటరిగా బ్రతుకుచున్న తాతయొద్ద ఆమెను విడిచి వెళ్ళినది.

1. దుఃఖములో ఉన్నవారికి తీర్పు చెప్పవద్దు

ఆ తాత ఎందుకు ఒంటరివాడైనాడు? కుమారుడు చనిపోయినప్పుడు, 'నీ భక్తిహీనతకు దేవుడు శిక్ష వేశాడు' అని ఊరివారు ఆయన ముఖముమీదనే అన్నారు. ఆయన కొండ ఎక్కిపోయాడు. మందిరము విడిచిపెట్టాడు. దేవునితోను మనుష్యులతోను మాట మానుకున్నాడు.

ప్రియులారా, మన సంఘములలో ఇటువంటి మాటలు వినబడుటలేదా? చావు జరిగిన ఇంట్లో కూర్చొని, ఏ పాపము వలన ఇట్లు జరిగినదో అని లెక్కలు వేయువారు లేరా? సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతిని లూకా 13వ అధ్యాయములో చూస్తాము. వారు యెరూషలేములోని ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువే తేటగా చెప్పాడు. గోపురము పడినవారి విషయములో ప్రభువు ఒప్పుకొనని తీర్పును, దూలము పడినవాని ఇంటిమీద మనమెట్లు వేయగలము? ఆ ఊరివారి మాట ఒక మనుష్యుని ఏండ్ల తరబడి దేవుని మందిరమునకు దూరము చేసినది.

అయితే ఆ కఠినుడైన తాత బిడ్డను ఎట్లు చేర్చుకున్నాడో చూడండి. ఉపదేశము చేయలేదు. అటకమీద ఎండుగడ్డితో పడక ఏర్పరచాడు. మేకపాలు కాచి ఇచ్చాడు. మొదటి దినముననే ఆమె ఎత్తునకు సరిపడు కుర్చీ చేసి ఇచ్చాడు. ఇంటింటికి మారిన బిడ్డకు 'ఇది నీ చోటు' అని ఆ కుర్చీయే చెప్పినది.

2. ఏడ్వనియ్యకపోతే దుఃఖము పోదు

ఎనిమిదేండ్ల వయస్సులో పినతల్లి మరల వచ్చినది. ఎప్పుడు కావలిస్తే అప్పుడు తిరిగి రావచ్చునని నమ్మబలికి, హైడీని ఫ్రాంక్‌ఫర్ట్‌కు తీసుకొని పోయినది. అక్కడ సెసెమాన్ అను ధనవంతుని కుమార్తె క్లారాకు తోడుగా ఉంచినది. క్లారా నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉండేది. ఆమెకు కూడ తల్లి లేదు. తిండికి బట్టకు లోటు లేని ఇల్లు అది. అయినను హైడీ మనస్సంతా కొండమీదనే. ఇంటి పెత్తనము చూచు రొట్టెన్‌మయర్ దొరసాని, ఇంత మంచి ఇంట్లో ఉండి ఏడ్చుట కృతజ్ఞత లేనితనమని గద్దించి, ఏడ్పును నిషేధించినది. బిడ్డ కన్నీళ్ళు మింగుకున్నది. తిండి తగ్గినది, ముఖము పాలిపోయినది.

కొన్నాళ్ళకు ఒక వింత జరిగినది. రాత్రి గడియ వేసిన వీధి తలుపు ప్రతి ఉదయము తెరచి ఉండేది. దయ్యము తిరుగుచున్నదని పనివారు వణికిపోయారు. ఇంటి యజమానుడు, ఆయన స్నేహితుడైన డాక్టరు ఒక రాత్రి కాపు కాశారు. తెల్లని రాత్రి దుస్తులలో నిలిచియున్నది హైడీయే! నిద్రలో నడుచుచున్నది. కలలో తాత ఇంట్లో ఉన్నట్టు, దేవదారు చెట్ల గాలి వినబడినట్టు, పరుగున వెళ్ళి తలుపు తీసినట్టు ఆమె చెప్పినది. డాక్టరు ఆలస్యము చేయలేదు. బిడ్డను వెంటనే ఇంటికి పంపమన్నాడు.

పగలు ఏడ్వనియ్యని దుఃఖము రాత్రి లేచి నడిచినది. చనిపోయిన అమ్మ పేరు ఎత్తితే బిడ్డ బాధపడునని ఫొటో తీసి దాచిపెట్టువారలారా, బిడ్డను మాట్లాడనియ్యండి. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచాడు (యోహాను 11:35). ఇంకొక మాట. బిడ్డకు నిద్ర, తిండి, చదువు చెడిపోవుచుంటే దయ్యమని భయపడి ఊరకుండవద్దు. ప్రార్థన చేయండి, మంచి వైద్యునియొద్దకు కూడ తీసుకొని వెళ్ళండి. ఈ కథలో మొదట బిడ్డ రోగము కనిపెట్టినది వైద్యుడే.

3. ప్రార్థన మానిన బిడ్డ

ఆ కష్టకాలములోనే క్లారా నాయనమ్మ ఆ ఇంటికి వచ్చినది. ఆమె హైడీ ముఖము చూచి, మనుష్యులతో చెప్పుకోలేనిది దేవునితో చెప్పుకోవచ్చునని నేర్పినది. బొమ్మల పుస్తకము చూపి చదువుమీద ఆశ పుట్టించినది. హైడీ ప్రతిదినము ప్రార్థించినది, ఇల్లు చేర్చుమని అడిగినది. వారములు గడిచినవి. జవాబు లేదు. హైడీ ప్రార్థన మానివేసినది. ఇంతమంది ఒకేసారి అడుగుచుంటే దేవునికి నా మాట వినబడలేదేమో అని ఆ పసిదాని తలంపు.

నాయనమ్మ కోపపడలేదు. దేవుడు మంచి తండ్రి, మనము అడిగినది ఇప్పుడు మనకు మేలు కాకపోతే తగిన సమయమువరకు దాచి ఉంచుతాడు, అంతవరకు ఆయనను విడువకూడదని చెప్పినది. హైడీ మరల మోకరించినది. అయినను మరునాడే తలుపు తెరుచుకోలేదు. దుఃఖము ఇంకను ముదిరినది. ఆ తరువాతనే విడుదల వచ్చినది.

4. నేర్చుకున్నది పనికివచ్చినది

ఇల్లు చేరిన హైడీ ఏమి తెచ్చినది? మేకలు కాచు పీటర్ నాయనమ్మ గ్రుడ్డిది, గట్టి రొట్టె నమలలేదు. ఆమె కొరకు హైడీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెత్తని తెల్ల రొట్టెలు బట్టల బీరువాలో కూడబెట్టుకున్నది. దొరసాని వాటిని పారవేయించినది. అయితే బయలుదేరునాడు క్లారా బుట్ట నిండ తాజా రొట్టెలు ఇచ్చినది. అంతకంటె మేలైనది మరొకటి ఉన్నది. హైడీకి ఇప్పుడు చదువు వచ్చును. ఆ అవ్వ ఇంట గోడ పలకమీద ఏండ్లుగా ఊరకనే ఉన్న కీర్తనల పుస్తకము దించి చదివినది. అవ్వ కళ్ళు కనబడవు గాని ముఖము వెలిగినది.

అప్పుడు హైడీకి తెలిసినది. అడిగినవెంటనే దేవుడు పంపియుంటే రొట్టెలు కొద్దిగా దొరికేవి, చదువు మాత్రము వచ్చేది కాదు. ఆ మాటే తాతతో చెప్పినది. తిరిగి వెళ్ళుటకు తనకు దారి లేదని తాత గొణిగితే, ఆమె తన పుస్తకములోని తప్పిపోయిన కుమారుని కథ చదివి వినిపించినది. ఆ రాత్రి నిద్రించుచున్న మనుమరాలి జోడించిన చేతులు చూచి, ఆ వృద్ధుడు ఎన్నో ఏండ్ల తరువాత దేవుని ఎదుట తల వంచాడు. మరునాడు ఆదివారము. తాత, మనుమరాలు చేయి పట్టుకొని కొండ దిగి మందిరమునకు వెళ్ళారు. రచయిత్రి రెండవ భాగమునకు పెట్టిన పేరుకు అర్థము, హైడీ తాను నేర్చుకున్నదానిని ఉపయోగించగలదు అని.

5. తిరిగి రానివాటి సంగతి ఏమిటి?

హైడీకి ఇల్లు తిరిగి దొరికినది, మా నాన్న తిరిగి రాడు గదా అని మీరు అడుగవచ్చును. హైడీ తల్లిదండ్రులు కూడ తిరిగి రాలేదు. రెండవ భాగములో ఆ డాక్టరు తన ఒక్కగానొక్క కుమార్తెను పోగొట్టుకొని కొండకు వస్తాడు. ఈ దుఃఖము దేవుడే పంపియుంటే ఇక ఎవరికి చెప్పుకోవాలని ఆయన అడుగుతాడు. హైడీ పెద్ద జవాబేమీ చెప్పదు. కనిపెట్టుకొని ఉండాలని మాత్రము చెప్పి, అవ్వకు చదివిన కీర్తన ఆయనకు కూడ వినిపిస్తుంది. ఆయన కుమార్తె బ్రదుకలేదు. అయితే ఆయన ఆ గ్రామములోనే స్థిరపడి, హైడీకి తండ్రివంటివాడైనాడు.

1884లో జొహాన్నా స్పిరి తన ఏకైక కుమారుని, అదే సంవత్సరము భర్తను పోగొట్టుకున్నారు. తాను వ్రాసిన ఓదార్పు తనకే అవసరమైనది. ఆ తరువాత కూడ ఆమె పిల్లల కొరకు వ్రాయుచునే ఉండి 1901లో మరణించారు.

ప్రియ శ్రోతలారా, స్వస్థత అనగా మరచిపోవుట కాదు. దేవుడు మనలను ఓదార్చునది, అదే ఆదరణతో ఇతరులను ఆదరించుటకని పౌలు 2 కొరింథీ 1వ అధ్యాయములో వ్రాశాడు. మీ సంఘములో అమ్మ లేని బిడ్డ, నాన్న లేని బిడ్డ ఎవరు? ఈ వారము ఆ బిడ్డ కొరకు ఒక కుర్చీ వేయండి, అనగా మీ ఇంట భోజనమునకు పిలువండి, చెప్పినది వినండి. జవాబు ఆలస్యమైనదని ప్రార్థన మానినవారలారా, ఈ రాత్రి మరల మోకరించండి.

ప్రార్థన చేసుకుందాము. తండ్రిలేనివారికి తండ్రివైన దేవా, చిన్ననాటి గాయముతో నీ యెదుట ఉన్న ప్రతివారిని జ్ఞాపకము చేసుకొనుము. కనిపెట్టుటకు ఓర్పును, ఓదార్చుటకు ప్రేమను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.