సముద్రం సరే... మడ అడవి చూశారా?

గుడిమల్కాపూర్: తెలంగాణకు సముద్రం లేదు. సెలవుల్లో పిల్లలు అలలు చూస్తామని మారాం చేస్తే గుడిమల్కాపూర్ పూలమార్కెట్ దగ్గర బస్సెక్కి సికింద్రాబాద్ చేరాల్సిందే. అక్కడ రాత్రి రైలు పట్టుకుంటే తెల్లారేసరికి కాకినాడ. అలల్లో తడిసి, కాజాలు కట్టించుకుని తిరుగు రైలెక్కేవారే ఎక్కువ. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే సముద్రానికి అడ్డుగోడలా నిలిచిన అడవి ఒకటుంది. అదే కోరింగ మడ అడవి.

మునిగిన రేవు

కోరింగ ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. బర్మాకు వలస వెళ్లిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఈ రేవు పేరు మీదుగానే. 1789లోను, మళ్లీ 1839లోను వచ్చిన ఉప్పెనలకు రేవు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది మడ అడవే. 1978లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

చెట్టుకు ఊపిరి వేళ్లు

ఉప్పునీటి బురదలో గాలి ఆడదు. అందుకే మడచెట్టు వేళ్లు కొన్ని మేకులు పాతినట్లు నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి. చెట్టు ఊపిరి తీసేది వాటితోనే. పొన్నచెట్టు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, ఆ తర్వాత బురదలో పడుతుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకు తుంచరాదు.

రొయ్యపిల్ల, మండపీత పెరిగేది ఈ వేళ్ల మధ్యే. అంటే అడవి తరిగితే జాలరి వల ఖాళీ అవుతుంది. చేపలు వేటాడే బావురుపిల్లి, నీటికుక్కలు కూడా ఇక్కడ ఉన్నాయి.

1999లో ఒడిశాను పెనుతుపాను ముంచెత్తింది. కేంద్రపడ జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎక్కువగా ఉన్నచోట మరణాలు తక్కువని 2009లో వెలువడిన పరిశోధన తేల్చింది. వంటచెరుకు కోసమో, రొయ్యల చెరువు కోసమో కొట్టే ప్రతి చెట్టూ ఆ గోడలో ఊడిన ఇటుకే.

ఇసుకలో పురుడు

కాకినాడ రేవుకు అలల నుంచి కాపు కాసే ఇసుకదిబ్బ హోప్ ఐలాండ్. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ ఒడ్డుకొచ్చి, గుంత తవ్వి, ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెడతాయి. నెలన్నర దాటాక పిల్లలు వెలుతురును బట్టి సముద్రం దారి పడతాయి. ఒడ్డున దీపాలుంటే దారి తప్పుతాయి. కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వుకు తింటాయి. వలలో చిక్కిన తల్లి పైకొచ్చి గాలి పీల్చే వీలులేక చస్తుంది.

వెళ్లేవారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వలస పక్షులూ అప్పుడే కనిపిస్తాయి. కోరింగ వద్ద అడవిలోకి చెక్కబాట ఉంది. పడవ కదలాలంటే పోటు ఉండాలి. ఆటులో కాల్వలు బురద తేలతాయి. కనుక బయలుదేరేముందు అటవీ సిబ్బందిని వేళ అడగడం మంచిది. బాట దిగి బురదలో నడవరాదు. కేకలు వేస్తే పక్షులు లేచిపోతాయి. పాలిథిన్ సంచి నీళ్లలో పారేస్తే జెల్లీచేప అనుకుని తాబేలు మింగుతుంది.

తీరం చూడటానికి వెళ్లినవారు అక్కడ పాదముద్రలు తప్ప మరేమీ వదలకుండా వస్తే, రేపు వెళ్లే పిల్లలకూ ఆ అడవి ఉంటుంది. ఒడ్డున బతికే ఊళ్లకు అండా ఉంటుంది.