నీళ్లతోనే కోరలు... నీళ్లే మందు!

యాసిడ్ ఎంత చిక్కగా ఉంటే అంత ప్రమాదం అనుకుంటాం. సల్ఫ్యూరిక్ యాసిడ్ విషయంలో ఆ లెక్క ఒంటికి ఒకలా, ఇనుముకు మరోలా ఉంటుంది!

కొత్తగూడెం నుంచి పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం వెళ్లే దారి. అటు అడవి, ఇటు బొగ్గు లారీలు. ఎండలకు పెట్టింది పేరైన ఈ ప్రాంతంలో వేసవి వచ్చిందంటే బ్యాటరీ షాపులకు చేతినిండా పనే. మెకానిక్ బ్యాటరీ మూత తీసి, హైడ్రోమీటరుతో లోపలి ద్రవాన్ని పైకి లాగుతాడు. గాజు గొట్టంలో తేలే బుడ్డి 1.28 దగ్గర నిలిస్తే ఫుల్ ఛార్జి. 1.12 దాకా మునిగితే బ్యాటరీ ఖాళీ!

నిజానికి ఆ బుడ్డి చెప్పేది యాసిడ్ గాఢత. 1.28 అంటే సుమారు 37 శాతం. కరెంటు వాడేకొద్దీ యాసిడ్ సీసం పలకలకు పట్టేసి, నీళ్ల పాలు పెరుగుతుంది. గాఢత 17 శాతం దాకా పడిపోతుంది. ఛార్జింగ్ పెడితే మళ్లీ ద్రవంలోకి వచ్చేస్తుంది. వేడికి తగ్గేది నీరే కానీ యాసిడ్ కాదు. అందుకే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. యాసిడ్ పోస్తే పలకలు పాడవుతాయి.

ఇనుప ట్యాంకులోనే!

ఫ్యాక్టరీల్లో వాడే చిక్కటి యాసిడ్ 98 శాతం ఉంటుంది. లీటరు 1.84 కిలోలు తూగుతుంది. చిత్రమేమిటంటే, దాన్ని మామూలు ఉక్కు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు. అందులోకి నీళ్లు చేరాయో... ట్యాంకునే తినేస్తుంది! యాసిడ్ వదిలే హైడ్రోజన్ అయాన్లను అందుకోవడానికి నీళ్లుండాలి. 98 శాతంలో అవి నామమాత్రమే. పైగా ఉక్కుపై ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర చిక్కటి యాసిడ్‌లో దాదాపు కరగదు. అదే కవచం. నీళ్లు కలిస్తే ఆ కవచం కరిగిపోతుంది.

అలాగని చిక్కటిది సాధువేం కాదు. దాని ఆమ్లత్వాన్ని కొలవడానికి మామూలు పీహెచ్ లెక్క చాలదు. అందుకే 1932లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లూయీ హామెట్ వేరే కొలమానం తెచ్చారు. అందులో స్వచ్ఛమైన యాసిడ్ విలువ సుమారు మైనస్ 12. పంచదార మీద పోస్తే నీటి అంశాన్ని లాగేసి నల్లటి బొగ్గు చేస్తుంది. చర్మాన్నీ అలాగే కాల్చేస్తుంది.

పొగలోనూ అదే

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం 1966లో మొదలైంది. బొగ్గు ఎక్కడ మండినా అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అందులో కొంత సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మారి, పొగలోని నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. పొగ మరీ చల్లబడితే అది మంచులా లోహంపై పడి కొరికేస్తుంది. అందుకే థర్మల్ కేంద్రాల్లో పొగను సాధారణంగా 120 డిగ్రీలకు పైన ఉండగానే బయటికి వదులుతారు.

ప్రాణం మీదికి రాకుండా...

యాసిడ్‌ను పల్చన చేసేటప్పుడు నీళ్లలోకే యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే పైపైనే సలసలా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఒంటిమీద పడితే బట్టలు తీసేసి, ధారగా పడే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడినా అంతే. పసుపు, టూత్‌పేస్టు, వంటసోడా... ఏదీ పూయకూడదు. కడిగాక ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

యాసిడ్‌లో నాలుగు చుక్కల నీళ్లు పడితే ముప్పు. ఒంటిమీద పడ్డ యాసిడ్‌కు ధారగా పోసే ఆ నీళ్లే తొలి వైద్యం. బ్యాటరీ మూత తీసే ప్రతి చేతికీ ఈ తేడా తెలిసి ఉండాలి.