అక్షరాల కంటే ముందు పిండిముద్ద
పసివేళ్లకు బలమిచ్చే ఆట – ఖర్చు స్వల్పం, జాగ్రత్తలు తప్పనిసరి

పండగ పూట అమ్మ జంతికల పిండి కలుపుతుంటే పక్కన చేరి "నాకో ముద్ద" అని చెయ్యి చాచని పిల్లలు తెలుగు ఇళ్లలో అరుదు. ఆ కాస్త ముద్దతోనే పాము, లడ్డు, రొట్టె, చివరికి అమ్మ బొమ్మ కూడా తయారవుతాయి. ఇంట్లో అల్లరి కింద జమ కట్టే ఈ ఆటే అంగన్‌వాడీ కేంద్రంలో చదువుకు తొలి మెట్టు అవుతుంది.

అయితే ఈ మాట తల్లిదండ్రులకు నచ్చజెప్పడం అంత తేలిక కాదు. "మా వాడికి అ ఆలు నేర్పమని పంపితే ఈ పిండి పిసుకుడేమిటి టీచరమ్మా?" అని నిలదీసే తల్లులు ఉన్నారు. పక్క వీధి కాన్వెంటులో మూడేళ్ల పిల్లలు పలక నిండా అక్షరాలు దిద్దుతున్నారని చెప్పి, పిల్లవాణ్ణి అక్కడికి మార్చేవారూ ఉన్నారు. పిల్లలు తగ్గితే కేంద్రానికే చిక్కు గనుక, ఆట మానిపించి బలపం చేతికివ్వడం తప్ప టీచర్లకు దారి కనిపించదు.

మణికట్టు ఇంకా లేతది

మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థిగానే ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్లకు వాటిలో కొన్ని మాత్రమే ఎముకగా మారతాయి. వేళ్ల కండరాలూ అప్పటికి లేతవే. ఆ చేతికి బలపం ఇచ్చి గంటసేపు దిద్దించితే పిల్లవాడు పిడికిలి బిగించి పట్టుకుంటాడు, చెయ్యి నొప్పి పుట్టి ఏడుస్తాడు. అదే చేత్తో పిండిని పిసికితే, ఉండ చేస్తే, రెండు వేళ్లతో గిల్లితే బలపం పట్టే ఒడుపు ఆటలోనే అలవడుతుంది. పెద్దది, చిన్నది, పొడుగు, పొట్టి, లెక్క, రంగు అన్నీ మాటల మధ్య వచ్చేస్తాయి.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మొదలైనప్పుడే 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందులో ఒక భాగం. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసులో ఆటల ద్వారానే చదువు సాగాలని చెప్పింది.

గోడ తుడిచే ముద్ద

బజారులో డబ్బాల్లో అమ్మే 'ప్లే డో' కథ విచిత్రమైనది. అమెరికాలోని సిన్సినాటిలో అది మొదట ఆటవస్తువు కానే కాదు. బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడకాగితాలను తుడిచే ముద్ద. ఇళ్లకు గ్యాసు వచ్చి దానికి గిరాకీ పడిపోయిన రోజుల్లో ఒక నర్సరీ టీచరు దాన్ని పిల్లల చేతికిచ్చి చూశారు. 1956లో అది ఆటవస్తువుగా అమ్మకానికి వచ్చింది. ఆ డబ్బాలు కొనలేని కేంద్రాలకు వంటింటి సరుకులే చాలు.

చేసే విధానం

పావు లీటరు గ్లాసుతో 2 గ్లాసుల మైదా, 1 గ్లాసు మెత్తని ఉప్పు, 2 గ్లాసుల నీళ్లు, 2 పెద్ద చెంచాల నూనె, 2 పెద్ద చెంచాల నిమ్మరసం తీసుకోవాలి. అన్నీ ఉండలు లేకుండా దోసెపిండిలా కలిపి, మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి తిప్పుతుండాలి. ఉండ్రాళ్లకు పిండి ఉడికించినట్టే, ముద్ద దగ్గరపడి గిన్నె అంచులు వదిలాక దించాలి. చల్లారాక నూనె చేత్తో బాగా మర్దించాలి. ఈ కొలతకు సుమారు కిలో ముద్ద వస్తుంది. పదిమంది పిల్లలకు చాలు.

మైదాలోని గ్లూటెన్ అనే బంక పదార్థం సాగే గుణాన్నిస్తుంది. ఉడికించడం వల్ల చేతికి అంటుకోదు. ఉప్పు తొందరగా పాడు కానివ్వదు. నూనె ఎండిపోకుండా చూస్తుంది. రంగుకు పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం వాడవచ్చు. ఏ సరుకు కలిసిందో తెలియని రంగు పొడులు, వేళ్లను కొరికే సున్నం వాడరాదు.

మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే కొన్ని రోజులు నిలుస్తుంది. వానాకాలం ఉప్పు తేమను పీల్చి ముద్ద జిగురెక్కుతుంది. అప్పుడు గుప్పెడు పొడిపిండి చల్లి పిసికితే సరిపోతుంది. వాసన మారినా, బూజు కనిపించినా పారవేయాలి.

జాగ్రత్తలు

పిండే కదా అని ఏమరరాదు. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. పసివాడు ఎక్కువగా మింగితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పెద్దవాళ్ల కంటి ఎదుటే ఆడించాలి. పారవేసిన ముద్ద కుక్కల నోట పడకుండా గోతిలో పూడ్చాలి. చేతికి పుండు, గీత ఉన్న పిల్లలకు ఉప్పు మంట పెడుతుంది. గోధుమ పడని పిల్లలకు బియ్యప్పిండితో వేరే ముద్ద చెయ్యాలి. అది సాగదు గాని ఆటకు పనికి వస్తుంది. చింతగింజలు, పూసలు వంటివి బొమ్మకు కళ్లుగా గుచ్చితే అవి ముక్కులోకో గొంతులోకో పోయే ప్రమాదం ఉంది. ఆటకు ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడిగించాలి. జలుబు, దగ్గు ఉన్న పిల్లలకు ఎవరి ముద్ద వారికే ఇచ్చి, ఆడాక పారవేయాలి.

తిండిగింజ ఆట పాలు కావడం తప్పు కాదా అని పెద్దలు అనడంలో న్యాయం లేకపోలేదు. పిల్లల ఆహారానికి వచ్చిన పిండిని, బాలామృతాన్ని ఇందుకు తాకనే కూడదు. అవి వారి కడుపు సొత్తు. చెరువు బంకమట్టి దొరికే ఊళ్లలో రాళ్లు, గాజు పెంకులు ఏరి, జల్లించి, నానబెట్టి వాడుకుంటే పిండి అక్కరే లేదు. వినాయక చవితికి మట్టి ప్రతిమ చేసే చేతులు ఊరికి కొత్త కాదు.

పిండి ఖర్చు టీచరు కొంగుముడి మీద పడకుండా తల్లులు వంతులవారీగా గ్లాసెడు పిండి, గుప్పెడు ఉప్పు తెచ్చి ఇచ్చినా సమస్య తీరుతుంది. వచ్చిన తల్లి పదినిమిషాలు కూర్చుని తన బిడ్డ ముద్దను ఎలా గిల్లుతున్నాడో, ఎలా ఉండ చేస్తున్నాడో చూస్తే, పలక గురించిన ప్రశ్నకు జవాబు ఆమెకే దొరుకుతుంది.