పాటలోని జీవము ఎక్కడ ఉన్నది?

శ్రీరామనవమి నాడు తనకల్లు ప్రాంతమున ఒక పల్లె భజనను ఊహించుకొనుడు. హార్మోనియము సాయముతో ఒక విద్యార్థి కీర్తన పాడినాడు. శ్రుతి తప్పలేదు, తాళము తప్పలేదు. అయినను వెనుక కూర్చున్న పెద్దాయన, "అంతా సరిగానే ఉండాది గానీ పాటలో జీవం లేదప్పా" అన్నాడు. తరువాత ఒక రైతు అదే కీర్తన ఎత్తుకొనగా అందరు కదలక విన్నారు. ఈ జీవము పుట్టుకతోనే రావలెనని నమ్మి పాట మానివేయు పిల్లలు కలరు. కావున ఆ మాటకు అర్థమేమో పరిశీలింతము.

హార్మోనియములో ప్రతి మెట్టుకు ఒక లోహపు నాలుక ఉండును. దాని పొడవు, మందములను బట్టి స్వరస్థానము స్థిరపడును. ఒక మెట్టు నుండి మరియొక మెట్టుకు దూకవలసినదే కాని జారుటకు వీలులేదు. మన సంగీతములో స్వరము ఒక బిందువు వంటిది కాదు. తోడి రాగములోని గాంధారమును కదల్చక నిలిపినచో అది తోడి వలె వినిపించదు. అది మధ్యమము వైపు ఊగుచుండవలెను. ఇట్టి కదలికయే గమకము. రాగమునకు రూపమిచ్చు ముఖ్యస్వరములను మన శాస్త్రకారులు జీవస్వరములనుట గమనింపదగినది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించుటకు గమకములు పలుకకపోవుట ఒక కారణము. ఆ నిషేధము 1971లో కొంత సడలినది.

వీణపై గమకము ఎట్లు పుట్టును? వాదకుడు తీగను మెట్టుపై ప్రక్కకు లాగును. తీగ బిగువు పెరుగును, స్వరము హెచ్చును. తీగ పౌనఃపున్యము బిగువు యొక్క వర్గమూలమునకు అనులోమానుపాతములో ఉండునని విద్యార్థులు చదివియే ఉందురు. సెకనుకు 240 కంపనములు గల షడ్జము నుండి 270 కంపనముల రిషభమునకు పోవలెనన్న నిష్పత్తి 9/8. దాని వర్గము 81/64. అనగా బిగువు సుమారు 27 శాతము పెరుగవలెను. గాయకుని కంఠములో స్వరతంత్రులను సాగదీయు కండరములు ఇట్టి పనినే చేయును.

అట్లని ప్రతి స్వరమును వణికించినంత మాత్రమున జీవము రాదు. పాశ్చాత్య శాస్త్రీయ గాయకుల కంఠకంపనము సాధారణముగా సెకనుకు 5 నుండి 7 సార్లు, దాదాపు ఒకే తీరున జరుగును. మన గమకము అట్లు కాదు. రాగమును బట్టి, ముందు వెనుకల స్వరములను బట్టి దాని వేగము, వెడల్పు మారుచుండును. ఇది కాగితముపై పూర్తిగా దిగదు.

దీనికి మన మెట్టసీమలోనే నిదర్శనము కలదు. కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించి, పిమ్మట తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనలపై కృషి చేసిరి. ఆ రాగిరేకులపై సాహిత్యము, రాగము పేరు ఉన్నవి కాని స్వరములు లేవు. శర్మగారు పెక్కు పాటలకు స్వరరచన చేసిరి. రాగము పేరు చూచి పాటను పలికింపగలుగుటకు ఆయనకు తోడ్పడినది ఏండ్లతరబడి విని, పాడి సంపాదించిన రాగజ్ఞానము. 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు లభించినది, 1979లో పరమపదించిరి.

వినువాని పాత్రయు తక్కువ కాదు. కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు 2011లో ఒక పరిశోధన ప్రచురించిరి. తమకు ప్రియమైన సంగీతము విని పులకించువారి మెదడులో డోపమిన్ అను రసాయనము విడుదలగుట వారు గుర్తించిరి. పులకింత కలిగిన క్షణముననే గాక, దానికై ఎదురుచూచు క్షణములలో కూడ అది మెదడులోని వేరొక భాగమున విడుదలయ్యెను. పెద్దాయనకు ఆ కీర్తన బాల్యమునుండి పరిచితము. స్వరము ఎటు జారునో ఆయన చెవి ముందే ఎదురుచూచును. విద్యార్థి పాటలో ఆ జారుడు రాలేదు.

ఉపాధ్యాయులు ఒక ప్రయోగము చేయింపవచ్చును. శ్రుతిని గీతగా చూపు సాధనములు నేడు సెల్‌ఫోనులో లభించును. ఒకే పాదమును విద్యార్థి చేతను, ఊరి పెద్ద చేతను పాడించి రెండు గీతలను పోల్చుడు. ఒకటి మెట్ల వలె, మరొకటి వంకలు తిరిగిన వాగు వలె కనిపింపవచ్చును. ఒక మాట వద్ద ఆ పెద్ద ఎందుకు ఆగినాడో గీత చెప్పదు. దానిని ఆయననే అడుగవలెను. పిదప విద్యార్థి హార్మోనియము మూసి, ఆయన వెంట ఆ పాదమునే పదిమార్లు పాడవలెను. పదియవమారు గీత మొదటిదానివలె ఉండదు.