చప్పుడు చెయ్యని బండ్ల పందెం

మోటారు సైకిల్ పందెం అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి చెవులు చిల్లులు పడే మోత, పొగ, పెట్రోలు వాసన. ఈ మూడూ లేకుండా పందెం జరుగుతుందంటే నమ్ముతారా? జరిగింది మిత్రులారా! 2019లో యూరప్‌లో కరెంటు బండ్లతో ప్రపంచ కప్పు పోటీ మొదలుపెట్టారు. దాని పేరు 'మోటో-ఇ'. మొదలవకముందే అది బూడిదయ్యింది. అయినా ఆగలేదు. ఆ కథేమిటో, ఆ బండి లోపల ఏముందో తెలుసుకుందాం.

బండి ఎలా నడుస్తుంది?

ఆ ఏడాది పోటీదారులందరికీ ఒకే రకం బండి ఇచ్చారు. ఇటలీలో ఎనర్జికా అనే కంపెనీ తయారుచేసిన 'ఈగో కోర్సా'. బండి అందరికీ ఒకటే కాబట్టి, ఎక్కువ తేడా తెచ్చేది నడిపేవాడి నేర్పే అన్నమాట.

తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతంలా పనిచేస్తుందని సైన్సు పాఠంలో చదువుకున్నాం కదా. అయస్కాంతాల మధ్య ఉండే లాగుడు, నెట్టుడు వల్లే మోటారు ఇరుసు తిరుగుతుంది. పెట్రోలు ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం చాలదు. అందుకే గేర్లు కావాలి. మోటారుకైతే మొదటి తిప్పు నుంచే గట్టి బలం ఉంటుంది. కాబట్టి ఈ బండికి క్లచ్ లేదు, గేర్లు మార్చే పనీ లేదు. సుమారు 3 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గంటకు 270 కిలోమీటర్ల దాకా పోతుంది.

మరి చిక్కెక్కడ?

చిక్కంతా బ్యాటరీతోనే. ఈ బండి బరువు దాదాపు 260 కిలోలు. పెట్రోలుతో నడిచే మోటో జీపీ బండికి కనీస బరువు 157 కిలోలే. అంటే రెండు బియ్యం బస్తాలు అదనంగా మోసుకుంటూ మలుపులు తిరగాలన్నమాట!

అంత బరువు మోసినా, బ్యాటరీలో పట్టేది సుమారు 20 యూనిట్లు. మీటరు రీడింగులో చూస్తాం చూడండి, ఆ యూనిట్లే. 75 వాట్ల ఫ్యాను అన్ని యూనిట్లతో పదకొండు రోజులు ఆగకుండా తిరుగుతుంది. కానీ ఒక లీటరు పెట్రోలులోనే దాదాపు 9 యూనిట్ల శక్తి దాగి ఉంటుంది. పెట్రోలు ఇంజను అందులో చాలా భాగం వేడి రూపంలో పారబోస్తుంది, మోటారు మాత్రం పెద్దగా వృథా చెయ్యదు. అయినా దూరం పోవడానికి ఈ శక్తి చాలదు. అందుకే మోటో-ఇ పందేలు పది చుట్ల లోపే ముగిసేవి.

అర్ధరాత్రి మంటలు

2019 మార్చిలో స్పెయిన్‌లోని హెరెస్ మైదానంలో బండ్లన్నీ ఒక పెద్ద గుడారంలో పెట్టి పరీక్షలు చేస్తున్నారు. 14వ తేదీ అర్ధరాత్రి దాటాక గుడారం అంటుకుంది. పోటీకని తయారుచేసిన బండ్లన్నీ కాలిపోయాయి. అదృష్టం, ఒక్క మనిషికీ గాయం కాలేదు.

మే నెలలో మొదలు కావలసిన పోటీలు అక్కడే నిలిచిపోయాయి. ఇక ఈ ఏడు లేనట్టే అని ఎవరైనా అనుకుంటారు. కానీ కంపెనీవాళ్లు మళ్లీ మొదటినుంచి బండ్లు కట్టారు. మూడు నెలలు తిరగ్గానే జూన్‌లో కొత్త బండ్లు పరీక్షకు దిగాయి. జూలై 7న జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో మొదటి పందెం జరిగింది!

ఎవరు గెలిచారు?

మొత్తం ఆరు పందేలు.

జర్మనీ - నికి టూలి (ఫిన్లాండ్)
ఆస్ట్రియా - మైక్ డి మెలియో (ఫ్రాన్స్)
ఇటలీ (మిసానో), రెండు పందేలూ - మట్టియో ఫెరారీ (ఇటలీ)
స్పెయిన్ (వాలెన్సియా), రెండు పందేలూ - ఎరిక్ గ్రనాడో (బ్రెజిల్)

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఫెరారీ, గ్రనాడో ఇద్దరూ రెండేసి గెలిచారు. కానీ కప్పు ఫెరారీది. గ్రనాడోకి మూడో స్థానం. రెండో స్థానం ఎవరిదో తెలుసా? ఒక్క పందెం కూడా గెలవని బ్రాడ్లీ స్మిత్‌ది (ఇంగ్లండ్)! ఎందుకంటే గెలిస్తే 25 పాయింట్లు, రెండో స్థానానికి 20, మూడుకు 16, ఇలా కింది స్థానాలకూ ఉంటాయి. ఒకరోజు మెరిసి ఇంకోరోజు పడిపోయేవాడికన్నా, ప్రతిసారీ నిలకడగా గమ్యం చేరేవాడికి లెక్క కలిసొస్తుంది. యూనిట్ పరీక్షలన్నీ కలిపి మార్కులు వేసినట్టే కదా!

తర్వాత ఏమయింది?

2023లో దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా వచ్చింది. బండ్లు డుకాటీ కంపెనీవి. బరువు 225 కిలోలకు దిగింది. ఆ ఏడు ఛాంపియన్ ఇటలీకి చెందిన మట్టియా కసాడెయి. అదే ఏడు ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం, అదే ఫార్ములా-ఇ, జరిగింది.

కానీ మోటో-ఇకి అనుకున్నంతగా జనాదరణ రాలేదు. 2025 సీజన్ తర్వాత పోటీలు నిలిపివేస్తామని ఆ ఏడు సెప్టెంబరులో ప్రకటించారు. మొదటి బండ్లు చేసిన ఎనర్జికా కంపెనీ అంతకుముందే, 2024లో, దివాలా తీసింది. అంటే ఇదంతా వృథాయేనా? కాదు. 2023 నాటికే బండి దాదాపు 35 కిలోలు తగ్గింది, వేగం మాత్రం తగ్గలేదు. అలా నేర్చుకున్న పాఠం ఎక్కడికీ పోదు.

ఒక హెచ్చరిక

హెరెస్‌లో కాలిన బండ్లలో ఉన్నది లిథియం బ్యాటరీలే. సెల్‌ఫోన్లలో, చార్జింగ్ లైట్లలో ఉండేవీ సాధారణంగా అవే. ఒకసారి అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం, ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటాయి. కాబట్టి ఉబ్బిన బ్యాటరీ వాడొద్దు. చార్జింగ్ పెట్టినదాన్ని దిండు కింద, దుప్పటి మీద ఉంచొద్దు. హాస్టల్ గదిలో అలాంటిది కనిపిస్తే దాచిపెట్టకుండా వెంటనే వార్డెన్ సారుకు చెప్పండి. తిట్లు పడినా ఫర్వాలేదు. బండ్లు కాలితే మళ్లీ కట్టుకున్నారు, మనుషుల్ని కట్టలేం.