మింగిల్‌కి తల్లి మాట ‘మింగ్’

కొత్తగా ఆఫీసులో చేరినవాళ్లకి ‘అందరితో మింగిల్ అవ్వాలి’ అని చెబుతుంటాం. ఆ మింగిల్ వెనక, ఇంగ్లీషువాళ్లే దాదాపు మరిచిపోయిన చిన్న క్రియ ఒకటుంది: మింగ్. అంటే కలపడం. దాని మీద అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: మిక్స్ పాతకాలం మాట, మింగ్ ఎవరో సరదాకి పుట్టించింది.

వాస్తవం: నిజం దీనికి పూర్తిగా తలకిందులు. మింగ్‌కి మూలం పాత ఇంగ్లీషులోని ‘మెంగన్’. జర్మన్, డచ్ భాషల్లో దాని తోబుట్టువు ‘మెంగెన్’ ఇప్పటికీ వాడుకలో ఉంది. మిక్స్ క్రియగా స్థిరపడింది 16వ శతాబ్దంలో. అదీ తిన్నగా రాలేదు. ‘కలిసిన’ అనే అర్థమున్న లాటిన్ ‘మిక్స్‌టుస్’ ముందు ‘మిక్స్‌ట్’గా ఇంగ్లీషులో చేరింది. చివరి ‘ట్’ చూసి జనం అది భూతకాల రూపం అనుకున్నారు. ఆ ‘ట్’ తీసేసి మిక్స్ అనే క్రియ తయారు చేసుకున్నారు. మన వంటింటి మిక్సీకి ఆ పేరు దక్కింది ఈ పొరపాటు వల్లే!

అపోహ: మింగిల్ అంటే నలుగురితో కలుపుగోలుగా తిరగడమే.

వాస్తవం: ఆ అర్థం తర్వాత వచ్చింది. మొదట్లో వస్తువుల్ని కలపడమే. స్పార్క్ నుంచి స్పార్కిల్, క్రాక్ నుంచి క్రాకిల్ పుట్టినట్టే ఇదీ. చివర చేరిన ‘ల్’ పదేపదే జరగడాన్ని చెబుతుంది.

అపోహ: మింగ్ కనుమరుగైంది కాబట్టి దాని వంశం అంతరించినట్టే.

వాస్తవం: రోజూ వాడే ‘అమాంగ్’ ఆ వంశానిదే. పాత రూపం ‘ఆన్ గెమాంగ్’, అంటే గుంపులో కలిసి. జాతులు కలిసిన కుక్కని పిలిచే ‘మాంగ్రెల్’దీ ఆ కుదురే. నాకు వీటన్నిటికంటే ఇష్టమైన మాట ‘మాంగ్‌కార్న్’. కార్న్ అంటే ఇక్కడ మొక్కజొన్న కాదు, ధాన్యం. పూర్వం ఇంగ్లండ్ రైతులు గోధుమలు, రై గింజలు ఒకే చేలో కలిపి చల్లేవారు, కలిపే కోసేవారు, ఆ పిండితోనే రొట్టె కాల్చుకునేవారు. ఏడాది బాగాలేక గోధుమ దెబ్బతిన్నా రై చేతికొస్తుందన్న ధీమా వాళ్లది. అంత బతుకు ఆ ఒక్క మాటలో ఉంది. చేపలమ్మే ‘ఫిష్‌మాంగర్’ మాత్రం ఈ ఇంటిది కాదు. అందులోని మాంగర్‌కి మూలం వర్తకుడనే అర్థమున్న లాటిన్ ‘మాంగో’.

అపోహ: మన ‘మింగు’, ఇంగ్లీషు మింగ్ ఒకటే. కలిపిన ముద్దనే కదా మింగుతాం!

వాస్తవం: వినడానికి ముచ్చటగా ఉన్నా ఇది కుదరదు. మన మాట పాత రూపం ‘మ్రింగు’. ఆ రకారం మెంగన్‌లో ఏనాడూ లేదు. మ్రింగుకి చుట్టం కావాలంటే తమిళంలో ‘విళుంగు’ ఉంది.